తఖాజా చేస్తే తగాదానా?

ఇంగ్లీషులో "నుడ్నిక్" అని ఒక లఫ్జ్ ఉంది. ఒకే మాట పదిసార్లు చెప్పి, వెంటపడి, ఎదుటివాడికి విసుగెత్తించే మనిషి అని అర్థం. "నుడ్జ్" అని ఇంకొకటి ఉంది, చేశావా చేశావా అని పక్కలో పొడుస్తూ ఉండటం. "క్వెచ్" అంటే అస్తమానం గొణగడం. దాని అసలు మతలబు పిండటం, నొక్కడం. "కిబిట్జర్" అంటే పేకాట ఆడేవాడి వెనక నిలబడి, ఎవరూ అడక్కపోయినా ఏ ముక్క వెయ్యాలో చెప్పేవాడు. మన పల్లెల్లో ఏ అరుగు మీదకి వెళ్లినా ఇద్దరు దొరుకుతారు. "ష్నోరర్" అయితే మరీ మజా. అడుక్కోవడాన్ని దర్జాగా తన హక్‌లా చేసుకునేవాడు: నేను తీసుకుంటున్నాను కాబట్టే నీకు పుణ్యం వస్తోంది, షుక్రియా నువ్వే చెప్పాలి అనే బాపతు. ఈ తరహా మనిషి మీద ఇజ్రాయెల్ జాంగ్విల్ అనే లండన్ రచయిత 1894లో ఒక నవలే రాశాడు.

ఇవన్నీ ఇంగ్లీషువాళ్లు పుట్టించుకున్నవి కావు. యిడ్డిష్ నుంచి వచ్చాయి. యిడ్డిష్ అంటే తూర్పు యూరప్ యూదుల ఇంటి జబాన్. పునాది జర్మన్. అందులో హీబ్రూ మాటలు, పోలిష్, రష్యన్ లాంటి చుట్టుపక్కల భాషల మాటలు కలిసిపోయాయి. రాసేది మాత్రం హీబ్రూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకి. ఇది చదివినప్పుడు నాకు మన దఖ్నీకి దూరపు ఖాలా బిడ్డ కనపడినట్టయింది. ఆ పోలిక ఇంకో చోట కూడా కుదురుతుంది. చదువుకున్న యూదులే యిడ్డిష్‌ని "జార్గన్" అని ఈసడించుకునేవాళ్లు, అది భాషే కాదు పొమ్మనేవాళ్లు. మనల్ని చూసి "మీరు మాట్లాడేది ఉర్దూయేనా?" అని నవ్వే పెద్దమనుషులు లేరా? అటు ఉర్దూవాళ్లకి మన ఉర్దూ చాలదు, ఇటు తెలుగువాళ్లు "అరె, మీ తెలుగు భలే బాగుందే!" అని ఆశ్చర్యపోతారు. గోదావరి నీళ్లు తాగి పుట్టినవాళ్లకి గోదావరి తెలుగు రాక ఇంకేం వస్తుందనుకున్నారో!

1880ల నుంచి 1924 దాకా లక్షల మంది యూదులు ఓడలెక్కి అమెరికా చేరారు. న్యూయార్క్ ఇరుకు గల్లీల్లో, బట్టల ఖార్ఖానాల్లో, నాటకాల్లో, రేడియో హాస్యంలో ఆ మాటలు పక్కవాళ్ల చెవిన పడ్డాయి. పక్కవాళ్లు నవ్వి, నోట్లో వేసుకున్నారు. 1968లో లియో రోస్టెన్ ఆ మాటల మీద రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయింది. అప్పటికే ఆ భాష మాట్లాడే జనంలో ఎక్కువమంది యూరప్‌లో లేరు. హోలోకాస్ట్‌లో చంపేసిన అరవై లక్షల మంది యూదుల్లో అత్యధికులు ఆ జబాన్ వాళ్లే. మనుషులు పోయారు, విసుక్కునే మాటలు మాత్రం పరాయి భాషలో బతికి ఉన్నాయి.

మరి తెలుగువాళ్లు మన ఇంటి నుంచి ఏం పట్టుకెళ్లారు?

విసిగించే వాటిలో మొదటిది "సతాయించడం". మనింట్లో అమ్మీ "నక్కో సతా రే" అంటుంది, పక్కింటి అత్తయ్యగారు "సతాయించకురా" అంటారు. ఒకే మాట, రెండు గోడలు. "దిమాగ్ మత్ ఖా" అని మనం, "బుర్ర తినకు" అని వాళ్లు. ఇందులో ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను పంచాయితీ పెట్టను. "తైనాతీ" అంటే ఉర్దూలో డ్యూటీ మీద ఒకచోట నియమించడం. తెలుగులో తైనాతీలంటే పెద్దమనిషి చుట్టూ తిరిగే భజనగాళ్లు. "దబాయించడం", "జులుం", "జబర్దస్తీ" సంగతి చెప్పక్కర్లేదు.

కానీ ఇంగ్లీషుకీ మనకీ ఒక ఫరక్ ఉంది. యిడ్డిష్ నుంచి ఇంగ్లీషులోకి పోయినవి ఎక్కువగా నవ్వించే మాటలు, పక్కింటివాడి నోటి నుంచి విన్నవి. ఇక్కడ ఎక్కువ మాటలు వచ్చింది కచేరీ నుంచి. రాజమండ్రి ప్రాంతం 16వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల కిందికి వచ్చింది. తరువాత మొగలులు, నిజాం, 1760ల్లో కుంపిణీవాళ్లు. కోస్తాకి "సర్కార్లు" అన్న పేరు కూడా ఫార్సీయే. రెండు వందల ఏళ్ల పాటు శిస్తు, లెక్క, ఫర్మానా ఫార్సీలో నడిచాక, రైతు నోట మిగిలిన మాటలేవి? వసూలు, బాకీ, కిస్తీ, జప్తు, జామీను, తాకీదు, దరఖాస్తు, ఫిర్యాదు. రాజమండ్రిలో కూడా కొలువు చేసిన సి.పి. బ్రౌన్ దొర 1854లో ఇలాంటి మాటల కోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే అచ్చు వేయించాడు. అంత పెద్ద సరుకు ఇది.

ఇంత దూరం వచ్చేసరికి మాటల మొహాలు మారిపోయాయి. వసూల్ అంటే అరబీలో చేరడం. బాఖీ అంటే మిగిలేది, అల్లాహ్ పేర్లలో అల్-బాఖీ ఒకటి, ఎన్నటికీ మిగిలి ఉండే ఆయన. (కొందరి కిరాణా ఖాతా చూస్తే ఆ బాకీ కూడా అలాగే ఉండేట్టుంది. తౌబా.) ఫర్యాద్ అంటే మొర, ఏడుపు. అది పోలీసు స్టేషన్ కాగితమైంది. అమీన్ అంటే నమ్మదగినవాడు. మక్కావాసులు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంని ఇష్టంగా పిలుచుకున్న పేరు అది. మనింట్లో అమీనా అంటే ఆడపిల్ల పేరు. వీధిలో "కోర్టు అమీనా వచ్చాడు" అంటే సామాన్లు జప్తు చేయడానికి వచ్చాడని, తలుపులు మూసుకోమని కబురు! ఎంత నమ్మకమైన పేరు ఎవరి నెత్తిన పడిందో చూడండి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. "తగాదా". తెలుగులో కొట్లాట, పేచీ, పొలం గట్టు గొడవ. ఉర్దూలో అది తఖాజా. ఇవ్వాల్సింది ఇవ్వమని అడగడం, ఇచ్చిన అప్పు గుర్తు చేయడం. అంతే. అందులో అరుపు లేదు, కర్ర లేదు. "వక్త్ కా తఖాజా" అన్నప్పుడు కాలం కోరుతున్నది అని కదా అర్థం. బెంగాలీవాళ్లకీ మరాఠీవాళ్లకీ ఇప్పటికీ తగాదా అంటే బాకీ అడగడమే. మన దగ్గర మాత్రం అడగడం కాస్తా గొడవైపోయింది. "తకరారు" కూడా అంతే. అరబీలో తక్రార్ అంటే ఒక మాటని తిరిగి చెప్పడం. ఫార్సీ, ఉర్దూలు దాటి తెలుగులోకి వచ్చేసరికి వివాదం. రెండోసారి చెబితే పేచీకోరు అన్నమాట!

తఖాజా ఏ మూలం నుంచి వచ్చిందో చూస్తే ఇంకా దిల్చస్ప్. ఖజా అన్న మూలం అది. తీర్పు చెప్పడం, తీర్చడం, చెల్లించడం అని దానికి అర్థాలు. అదే మూలం నుంచి ఖాజీ వచ్చాడు. వేళ తప్పిన నమాజ్‌ని తర్వాత చదివితే ఖజా నమాజ్ అంటాం. అది అల్లాహ్‌కి మనం పడిన బాకీ తీర్చడమే. తెలుగు "కజ్జా" కూడా ఆ ఖాందాన్‌దే, ఖజియా నుంచి వచ్చింది. ఒకే తల్లి బిడ్డలు. ఒకరు తీర్పు చెబుతారు, ఒకరు బాకీ తీరుస్తారు, ఇద్దరు వీధిలో కొట్టుకుంటున్నారు.

మాటలు ఇలా మారడం నేరమేమీ కాదు. మా ఆత్రేయపురం మండలంలోనే లొల్ల లాకులున్నాయి. సినిమా షూటింగులకి పేరుపడ్డ చోటు. ఇంగ్లీషు "లాక్" కాలవల మీద పడి లాకు అయింది, దానికి మనం బహువచనం కూడా తగిలించాం. ఎవరికీ తకలీఫ్ లేదు. ఆ ఊరి పేరు తెలంగాణవాళ్లు వింటే లొల్లి అనుకుని నవ్వుకుంటారు, అదీ పర్లేదు. తగాదా అలా కాదు. ఆ మాట మారడంలో మన బుద్ధి కనపడుతోందని నా అనుమానం. అప్పు తీసుకున్నవాడి దగ్గర ఉండాల్సిన సిగ్గు, ఇచ్చినవాడి నెత్తిన పడింది.

మా ఊళ్లో పూతరేకులు వేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 2023లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా మురిసింది, నేనూ మురిశాను. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పిండిని పల్చగా కలిపి, కింద మంట పెట్టిన బోర్లా కుండ మీద గుడ్డతో ఒక్క తడుపు తడపాలి. క్షణంలో రేకు లేస్తుంది. ఆ క్షణం దాటితే మాడుతుంది. రోజంతా పొగ, సెగ. మా వీధి చివర ఒకావిడ ఇలా రేకులు వేసి ఒక కొట్టుకి ఇచ్చేది. మూడు వారాల డబ్బు ఆగిపోయింది. నాలుగోసారి అడగడానికి వెళ్తూ తోడు రమ్మని నన్ను పిలిచింది. కొట్టతను గల్లా పెట్టె మీంచి తలెత్తకుండా, "ఏంటమ్మా రోజూ ఈ తగాదా, బేరాల టైములో?" అన్నాడు. "తగాదా ఏంటండి బాబూ, నా రేకుల డబ్బులండి" అంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. అతను ఉర్దూ రానివాడు, ఆవిడా రానిదే. అయినా అతని నోట్లోంచి సరైన మాటే వచ్చింది. ఆవిడ చేసింది తఖాజాయే మరి.

ఇంగ్లీషువాడైతే ఆవిడని నుడ్నిక్ అనేవాడా? అదే నాకు ఈ మాటలతో వచ్చిన పేచీ. విసిగించేవాళ్లకి అన్ని భాషల్లో బోలెడు పేర్లుంటాయి. జిడ్డు, జలగ, నస. విసిగేదాకా ఇవ్వకుండా తిప్పుకునేవాడికి ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి. పేర్లు పెట్టే పని ఎప్పుడూ తలుపు లోపల ఉన్నవాడి చేతిలోనే ఉంటుంది, బయట నిలబడ్డవాడి చేతిలో కాదు.

మన దీన్ ఈ రెండింటినీ విడిగా చూసింది. సూరె బఖరాలో, జనాన్ని పట్టుకుని వేలాడకుండా ఇజ్జత్‌గా ఓర్చుకునే పేదలని మెచ్చుకునే చోట "ఇల్హాఫ్" అన్న మాట వస్తుంది. వదలకుండా వెంటపడి అడగటం అది. అచ్చంగా నుడ్నిక్ పని. అదే సూరెలో కొద్ది దూరంలో, అప్పుపడ్డవాడు తంగీలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా ఆగమనీ, మాఫ్ చేస్తే ఇంకా మంచిదనీ ఉంది. ఆ వెంటనే ఖురాన్ మొత్తంలో అతి పొడుగు ఆయత్, అది అప్పుని కాగితం మీద రాసుకోవడం గురించే. కలిగినవాడు బాకీ తీర్చకుండా సాగదీస్తే అది జుల్మ్ అని హదీస్. ఇంకో హదీస్ నాకు చాలా ఇష్టం. ఒకతను రసూలుల్లాహ్ దగ్గరికి వచ్చి తన ఒంటె బాకీ గురించి గట్టిగా, మోటుగా అడుగుతాడు. సహాబాలు కోపంతో లేస్తారు. ఆయన మాత్రం, వదిలెయ్యండి, హక్ ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉంది అని ఆపి, అతనికి ఇవ్వాల్సిన దానికంటే మంచి ఒంటెని ఇప్పిస్తారు. మోటుగా అడిగినవాడికే ఆ మర్యాద దక్కితే, గొంతు తగ్గించి అడిగిన రేకులావిడ సంగతేంటి?

తఖాజా పేరుతో చేసే జులుం లేదని కాదు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్ మనీ బాగోతం బయటపడింది. అప్పుకి బదులు ఆడవాళ్ల ఇజ్జత్ మీదికే వచ్చారు. అంతకుముందు మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లకి తట్టుకోలేక జనం ప్రాణాలు తీసుకుంటుంటే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం కిస్తీ వద్దు, నెలకొకసారి కట్టించుకోండి, ఇళ్ల మీద పడకుండా పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురు తిరిగే చోట తీసుకోండి అంది. ఆ తర్వాత ఫోన్లలో లోన్ యాప్‌లు వచ్చాయి. మన ఫోటో మార్చి, మన ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ పంపుతామంటారు. మన మొహల్లాల్లో వడ్డీ హరామ్ అని మస్జిద్‌లో విని వచ్చి, ఇంటికెళ్లి గ్రూపు లోను కిస్తీకి చిల్లర లెక్కపెట్టుకునే చెల్లెళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు చేసేది తఖాజా కాదు. దానికి జులుం అన్న మాట ఉండనే ఉంది, తెలుగువాళ్లకీ తెలుసు.

అయితే గుమ్మం ముందు కూర్చునేవాడికి మనం భయపడి ఇస్తాం. నోరెత్తనివాళ్ల బాకీ మాత్రం అలాగే ఉంచేస్తాం. ఈ మాట మన ఇళ్లలోకి తీసుకెళ్తే మొదట తగిలేది మహర్.

మహర్ తోహ్ఫా కాదు, కర్జ్. భర్త భార్యకి పడిన బాకీ. షరీఅత్ చెప్పేదీ అదే, కోర్టులు చెప్పేదీ అదే. భర్త చనిపోతే మిగతా అప్పులవాళ్లతో పాటు ఆమె కూడా వరసలో నిలబడుతుందని సుప్రీంకోర్టు 1950లోనే అంది. సరే, నికాహ్‌నామాలో ఏం రాస్తాం? "ముఅజ్జల్" అని రాస్తాం. ఇక్కడ భాష మనతో ఒక మజాక్ ఆడింది. అరబీలో ముఅజ్జల్‌లు రెండు. ఐన్‌తో రాసేది జల్దీ అన్న అర్థం నుంచి వచ్చింది, వెంటనే ఇవ్వాల్సింది, భార్య అడిగితే చెల్లించాల్సింది. హంజాతో రాసేది "అజల్" నుంచి వచ్చింది, గడువు పెట్టి తర్వాత ఇచ్చేది. అరబ్బుల నాలుక మీద రెండూ వేరు. మన నాలుక మీద ఐన్ లేదు, హంజా లేదు, రెండూ ఒకటే. అప్పుడే ఇవ్వాల్సిందీ, ఎప్పుడో ఇవ్వాల్సిందీ ఒకే చప్పుడు! పెళ్లి పందిట్లో ఖాజీ సాబ్ చదువుతుంటే పరదా వెనక కూర్చున్న అమ్మాయికి ఏది వినపడిందో ఎవరు చెప్పగలరు? ఇంకో సంగతి, ఉర్దూలో అజల్ అంటే గడువు మాత్రమే కాదు, మౌత్ కూడా. చాలా ఇళ్లలో మహర్ గడువు నిజంగా అదే.

జనాజా లేచే ముందు ఆడవాళ్ల గదిలో జరిగేది మగవాళ్లలో చాలామంది చూసి ఉండరు. నేను చూశాను, ఒకటి కాదు, చాలాసార్లు. ఎవరో పెద్దావిడ బేవా పక్కన చేరి, వీపు నిమురుతూ, "మహర్ మాఫ్ కర్ దే బేటీ, ఆయన్ని బోజ్ లేకుండా పంపుదాం" అంటుంది. గదిలో అందరూ చూస్తుంటారు. ఏడుపు మధ్య ఆవిడ తలూపుతుంది. అయిపోయింది. ఖురాన్‌లో ఉన్నది, వాళ్లు తమ ఖుషీతో కొంత వదిలితే తీసుకోండి అని. ఆ గదిలో ఖుషీ ఎక్కడుందో ఆ పెద్దావిడే చెప్పాలి. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే? "మొగుడితో తగాదా పెట్టుకుంది" అనేవాళ్లం. తెలుగులో అనేవాళ్లం, ఉర్దూలో అనేవాళ్లం. మాట మారిన సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

సంస్కర్తల్లా పెద్ద పెద్ద మాటలు చెప్పడం నాకు రాదు. నేను అనేది చిన్న పని. నికాహ్‌నామాలో ఆ ఒక్క గడిలో ముఅజ్జల్ అని వదిలేయకుండా, పక్కన తెలుగులో రాయించండి, ఎప్పుడు, ఎంత అని. ఉర్దూ చదవడం రాని పిల్లలకి ఉర్దూ కాగితం మీద సంతకం పెట్టించి, మన జబాన్‌ని కాపాడాం అనుకోవడంలో నాకు ఫాయిదా కనపడటం లేదు. జబాన్ మీద మొహబ్బత్ ఉంటే పిల్లకి ఐన్‌కీ హంజాకీ తేడా నేర్పండి. అంతవరకు తెలుగు ఉంది, అదీ మన మాతృభాషే. "ఇందత్తలబ్" అన్న మాట కూడా ఉంది, అడిగినప్పుడు ఇవ్వాల్సింది అని. అందులో తలబ్ ఉంది చూశారూ, అడగడం. ఆమె అడుగుతుందని కాగితమే ముందుగా ఒప్పుకుంటోంది.

పోయిన షవ్వాల్‌లో మా బంధువుల ఇంట్లో ఒక నికాహ్ జరిగింది. పిల్ల నర్సింగ్ చదివింది, కాగితం చదవకుండా సంతకం పెట్టనంది. ఖాజీ సాబ్ మంచివారు, విసుక్కోకుండా ఆ గడి పక్కన తెలుగులో "అడిగిన వెంటనే" అని రాశారు. పెళ్లికొడుకు మామూ ఒకాయన కుర్చీలోంచి ముందుకి వంగి, "ఏంటండీ, ఇప్పట్నుంచే తగాదాలా?" అన్నాడు. కొందరు నవ్వారు. పిల్ల నానీమా తస్బీ తిప్పుతూనే, "అవును భాయ్, తఖాజాయే. ఇయ్యాలే మొదలు" అంది. ఇంకెవరూ నవ్వలేదు. పెళ్లికొడుకు లేచి, లోపలికెళ్లి, వాళ్ల అబ్బాతో మాట్లాడి వచ్చాడు. మహర్‌లో సగం ఆ పందిట్లోనే పిల్ల చేతికి ఇచ్చారు. మిగతా సగానికి రబీ ఉల్ అవ్వల్ అని నెల రాసి, పక్కనే ఇంగ్లీషు తేదీ కూడా వేశారు. తర్వాత భోజనాలకి లేచాం.